చెప్పుల బండ మీద తిరగలి

తూదా అవ్వ పుట్టేసరికి వాళ్ళ నాన్నకి అప్పటికే నలుగురు ఆడపిల్లలు. ఐదోదాన్ని చూసి ఆయన పైవాడికి వినపడేలా పేరు పెట్టాడు. తూదా అంటే మా కొండల భాషలో ‘చాలు’ అని. పైవాడు విన్నాడో లేదో తెలియదు గాని, ఆ పేరు మోసిన మనిషి మాత్రం వినలేదు. డెబ్బై నాలుగేళ్ళలో అవ్వ దేన్నీ చాలు అన్న పాపాన పోలేదు. టీలో చక్కెర చాలదు. కోడలు రబ్హా కలిపిన పిండిలో ఉప్పు చాలదు. ఇమాము గారి ప్రార్థన పొడవు చాలదు. మనవలు బడికి పోయింది చాలదు, పోయినవాళ్ళకి అబ్బింది అసలే చాలదు.

ఆమె కాస్త మర్యాదగా ఉండేది ఒక్క ఏటి దగ్గరే. పొద్దున్నే పొయ్యిలో రొట్టెలు పెట్టి, అవి కాలేలోగా ఇరుకు దాకా నడిచి వెళ్ళేది. ఇరుకు అంటే మా తిజ్గీ ఊరికి ఎగువన రెండు కొండలు దగ్గరకొచ్చి ఏటిని నొక్కిపట్టిన చోటు. అక్కడ గొంతుక్కూర్చుని, మణికట్టు దాకా చెయ్యి నీళ్ళలో పెట్టి, బయటికి తీసి వాసన చూసేది. ఊరి నీటి కాపలాదారు బిహీ ఆ దారిన పోతూ, ఏరు ఏమంటోంది పెద్దమ్మా అని రోజూ అడిగేవాడు. నీ గురించే అడుగుతోందిరా, ఒళ్ళు కడుక్కుని ఎన్నాళ్ళయిందని, అని రోజూ అదే జవాబు చెప్పేది. ఇద్దరికీ ఆ పరాచికం లేకపోతే పొద్దు పొడిచినట్టు ఉండేది కాదు.

ఇరుకులోంచి ఏటి వెంట ఎగువకి గంట నడిస్తే అఫ్రా ఊరు వస్తుంది. వేరే దారి లేదు, కొండ మీదుగా పూటంతా పట్టే మేకల బాట తప్ప. అఫ్రావాళ్ళకి మూడు రోజులు, మాకు మూడు రోజులు నీళ్ళ వంతు. ఆ వంతుల మీద మా తాతల కాలం నుంచీ తగువే. తిజ్గీలో పుట్టిన పిల్లలకి అమ్మ, నాన్న అన్న మాటల తర్వాత వచ్చే మూడో మాట ‘అఫ్రా దొంగలు’. బళ్ళో పంతులు ఎంత చెప్పినా ఆ పాఠం ఎవరూ మరిచిపోలేదు. మిగతావి మాత్రం ఇట్టే మరిచిపోయారు.

ఆ తగువు అవ్వ ఇంట్లో అందరికన్నా గట్టిగా వినిపించాలి నిజానికి. నలభై ఒక్కేళ్ళ కిందట నీటి కాపలాదారు ఆమె మొగుడు ఇదీర్. ఏప్రిల్ నెలలో ఒక మధ్యాహ్నం ఏట్లో నీళ్ళు హఠాత్తుగా తగ్గిపోయాయి. అఫ్రావాళ్ళు కాలవకి మళ్ళించుకున్నారని ఇదీర్ పార భుజాన వేసుకుని ఇరుకులోకి వెళ్ళాడు. తర్వాత వరద వచ్చింది. పార ఒక్కటే దొరికింది, దిగువన ఎక్కడో అక్రోటు చెట్టు పంగలో. నీళ్ళ దొంగలు ఇదీర్‌ని పొట్టన పెట్టుకున్నారని ఊరంతా అంది, ఇప్పటికీ అంటుంది. అవ్వ కొడుకు అద్దీకి అప్పుడు రెండేళ్ళు. ఆ మాట పాలతో తాగి పెరిగాడు. అవ్వ మాత్రం ఆ సంగతి ఎత్తితే, పొయ్యి మీద ఏదో మాడుతోందని లేచిపోయేది. పొయ్యి ఆర్పేసి ఉన్నా సరే.

ఆ ఏడు మంచు ఆలస్యంగా పడింది, పడ్డప్పుడు మాత్రం లోటు లేకుండా పడింది. మార్చి చివరిదాకా కొండల నెత్తిన మోకాలి లోతు. అప్పుడు ఎడారి వైపు నుంచి వెచ్చటి గాలి మొదలైంది. నాలుగు రోజులు అలాగే వీచింది. ఐదో రోజు కొండ మీద మబ్బు కమ్మి వాన పట్టుకుంది. కింద ఊళ్ళో దుమ్ము అణిగేపాటి చినుకులే. పైన మాత్రం మంచు పడాల్సిన చోట వాన పడుతోంది. ఏరు దాల్చిన చెక్క రంగుకి తిరిగింది. గురువారం పొద్దున అవ్వ చెయ్యి వాసన చూసుకుంటే అప్పుడే నరికిన చెట్టు వాసన వచ్చింది. వేళ్ళ సందున ఎర్రటి బెరడు ముక్క ఇరుక్కుంది. పరాచికానికి బిహీ వస్తే జవాబు చెప్పకుండా ఇంటికి వెళ్ళిపోయింది. అతను కాస్త నొచ్చుకున్నాడు కూడా.

ఆ మధ్యాహ్నం నుంచే మా ఊరి వంతు. బార్లీ వెన్ను మీద ఉంది, నీళ్ళ కోసం అందరూ పారలు నూరుకుని కూర్చున్నారు. సరిగ్గా మధ్యాహ్నపు దుహర్ నమాజు వేళకి ఏరు తగ్గడం మొదలైంది. చూస్తుండగానే రాళ్ళు తడితడిగా మెరుస్తూ పైకి లేచాయి. నమాజు ముగిసేసరికి ఏట్లో మడమలు తడిసేపాటి నీళ్ళు మిగిలాయి. కొన్నాళ్ళ కిందట పట్నం నుంచి ఇంజనీర్లు వచ్చి, వరద వస్తే కూసే సైరన్ ఒకటి ఏటి ఒడ్డున స్తంభానికి కట్టి వెళ్ళారు. నీళ్ళు పెరిగితే కూస్తుంది. తగ్గితే ఏం చెయ్యాలో దానికెవరూ చెప్పలేదు. అది నోరు మూసుకుని నిలబడింది.

మసీదు మెట్ల దగ్గర ఇరవై ముగ్గురు మగవాళ్ళు పారలతో పోగయ్యారు. అందరికన్నా ముందు అద్దీ. మన వంతు మొదలయ్యే గడియ చూసి మరీ కట్టేశారని బిహీ మండిపడుతున్నాడు. ఊరి పెద్ద ఇచ్చూ శాంతంగా మాట్లాడే మనిషే, ఆయన కూడా చేతికర్ర బదులు పార పట్టుకున్నాడు.

అవ్వ గుంపు మధ్యకి దూరింది. చెయ్యి పైకెత్తి బెరడు ముక్క చూపించింది. అఫ్రావాళ్ళు మళ్ళిస్తే ఏరు సన్నబడుతుంది గాని ఇలా ఊపిరి ఆగినట్టు ఆగదని, పైన మంచు చరియ చెట్లతో సహా జారి ఇరుకులో అడ్డం పడిందని, దాని వెనక వాన నీళ్ళూ మంచు నీళ్ళూ నిండుతున్నాయని, అది తెగేలోగా ఎవరూ ఏట్లో కాలు పెట్టొద్దని చెప్పింది.

“ఏరంతా దొంగిలించారంటున్నారు. దాచుకోడానికి వాళ్ళకి అంత గిన్నె ఎక్కడిదిరా?” అంది.

అందరూ నవ్వారు. బిహీ మరీ పెద్దగా నవ్వాడు, పొద్దుటి బాకీ కూడా కలిపి. ఇచ్చూ నవ్వలేదు. ఇంటికెళ్ళి పడుకో తూదా, మేం చూసుకుంటాం, అని మర్యాదగా చెప్పాడు. అద్దీ అయితే తల్లి మొహం కూడా చూడలేదు.

“వాళ్ళు నాన్నకి చేసింది చాలమ్మా,” అన్నాడు.

చాలు అన్న మాట అవ్వకి ఎప్పుడూ పడేది కాదు. ఆ రోజు అసలు పడలేదు.

ఆమె ఇంటికి వెళ్ళలేదు. నేరుగా ఇచ్చూ ఇంటికి వెళ్ళింది. ఇచ్చూ భార్య ఇజ్జా టీ గిన్నె కడుగుతోంది.

“ఇజ్జా, నీ తిరగలి ఇవ్వు.”

పిండి కావాలా అని ఇజ్జా అడిగింది. పిండి కాదు, తిరగలే కావాలంది అవ్వ. ఇజ్జా ఒక్క క్షణం ఆమెని చూసింది, కొండ మీది మబ్బుని చూసింది, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చెవిలో మోగే ఏటి చప్పుడు వినపడకపోవడం అప్పుడు గమనించింది. ఆమె కొడుకులిద్దరూ ఆ గుంపులోనే ఉన్నారు. చేతులు తుడుచుకుని లేచింది. ఆడవాళ్ళిద్దరూ కలిసి పై రాయి గాడిద మీది గంపలో ఒక పక్క, కింది రాయి ఇంకో పక్క ఎక్కించారు. ఇజ్జా సోలెడు బార్లీ మూట కట్టి ఇచ్చింది. రేవులో ఉన్ని ఉతుకుతున్న ఆడవాళ్ళని పైకి పిలవడానికి తను అటు పరుగెత్తింది. అవ్వ గాడిదని కళ్ళం వెనక దారిన తోలింది. ఆ గాడిద అవ్వ కన్నా మొండిది. ఆ రోజు మాత్రం ఎదురు చెప్పలేదు.

ఇరుకు మొదట్లో చెప్పుల బండ ఉంది. దారి అక్కడ ఏట్లోకి దిగుతుంది కాబట్టి అందరూ ఆ బండ మీద కూర్చుని చెప్పులు విప్పి చేత పట్టుకుంటారు. నాయకత్వం ఎవరిదన్న వాదన తేల్చుకుని మగవాళ్ళు అక్కడికి చేరేసరికి, బండకి అడ్డంగా తిరగలి పరిచి ఉంది. దాని ముందు కాళ్ళు చాపుకుని తూదా అవ్వ. పిడి ఆమె చేతిలో తిరుగుతోంది.

అందరూ ఆగిపోయారు. ఆగక తప్పదు. ఏ దిక్కూ లేని ఆడది ఒకరి ఇంట దూరి, ఆ ఇంటి తిరగలి పిడి పట్టుకుని తిప్పిందంటే ఆ ఇంటి యజమాని మీద ‘ఆర్’ వేసినట్టు. ఆమె అడిగింది చెయ్యాలి. చెయ్యకుండా దాటిపోయినవాడి పొలం ఈనదు, వాడి మాటకి సంతలో విలువుండదు, వాడి మనవడికి కూడా పిల్లనివ్వరు.

బిహీకి నోరు ముందు తెరుచుకుంది. ఆర్ ఎదుటివాడి ఇంట్లో, ఎదుటివాడి తిరగలి మీద వెయ్యాలి గాని, ఎవరికి వాళ్ళు సొంత తిరగలి తెచ్చి దారిలో పెట్టుకుని తిప్పితే అది పిండి విసరడమే అవుతుందని వాదించాడు. మాట సబబుగానే ఉంది. నలుగురైదుగురు చెప్పులు విప్పబోయారు.

“పిడి చూడరా బిహీ,” అంది అవ్వ తిప్పుతూనే.

అక్రోటు కర్ర పిడి. దాని మీద నెలవంక, మూడు గీతలు చెక్కి ఉన్నాయి. ఇచ్చూ వాళ్ళ నాన్న చెక్కింది. ఆ పిడిని ఊళ్ళో గుర్తుపట్టని మనిషి లేడు. ఇచ్చూ ముందుకొచ్చి తన తిరగలిని తను చూసుకున్నాడు. ఆయన గడ్డం కింద ఏదో కదిలింది. కోపమో, నవ్వో, ఇంట్లో పెళ్ళానికి చెప్పాల్సిన మాటో తెలియదు.

“ఏం కావాలి తూదా?”

“ఈ మూటలో సోలెడు బార్లీ ఉంది. ఇది పిండయ్యే దాకా ఒక్కడు కూడా బండ దిగి ఏట్లో కాలు పెట్టకూడదు. అంతే. తర్వాత మీ ఇష్టం, అఫ్రా వెళ్ళి తన్నుకుంటారో, తన్నించుకుంటారో.”

సోలెడు బార్లీకి ఎంతసేపు పడుతుంది, ఒక టీ కాగేలోగా అయిపోతుంది. ఇచ్చూ ఒట్టుగా తన గడ్డం పట్టుకుని సరేనన్నాడు. ఇదెంత భాగ్యం అన్నట్టు అందరూ పారలు పక్కన పెట్టి కూర్చున్నారు.

అవ్వ మూట విప్పింది. ఒక గింజ తీసింది. దాన్ని వెలుగుకి పెట్టి చూసింది. పురుగు లేదని నిర్ధారించుకుని తిరగలి కన్నంలో వేసింది. పిడి మూడు చుట్లు తిప్పింది. తర్వాత రెండో గింజ తీసింది.

ఆ ఒడంబడికలో ఎక్కడ బోల్తా పడ్డారో మా ఊరి మగవాళ్ళకి అర్థం కావడానికి పది గింజలు పట్టింది. బిహీ తల పట్టుకున్నాడు. కాస్త గుప్పెడు గుప్పెడు పొయ్యి పెద్దమ్మా అని బతిమాలాడు. పళ్ళు లేనిదాన్ని, నాకు మెత్తటి పిండి కావాలి, అంది అవ్వ. ఆ మాట అన్నప్పుడు ఆమెకున్న ఆరు పళ్ళూ కనిపించాయి. చినుకులు పడితే శాలువా తీసి తిరగలి మీద కప్పింది, తన తల తడుస్తున్నా. గంట గడిచింది. కొందరు కునికారు. కొందరు అవ్వ వేసే గింజలు లెక్కపెట్టి, ఈ లెక్కన రంజాన్ వస్తుంది అన్నారు. ఎవరో అద్దీని ఎత్తిపొడిచారు, మీ అమ్మ మమ్మల్ని గొర్రెల్లా కట్టేసింది, మీ నాన్న ఉంటే ఈ పాటికి అఫ్రాలో ఉండేవాడని.

అద్దీ లేచాడు. చెప్పులు విప్పాడు.

ఆర్ ఇచ్చూ మామ మీద పడింది, ఆయన ఇంటిమీద, ఆయన మాట మీద. నేను ఆయన ఇంటివాణ్ణి కాను, మా అమ్మకి కొడుకుని, నన్నెవరూ కట్టెయ్యలేదు, అన్నాడు. పార తీసుకుని బండ దిగి ఏటి రాళ్ళ మీద నిలబడ్డాడు. న్యాయంగా చూస్తే అతని మాటలో తప్పు లేదు.

అవ్వ చెయ్యి తిరుగుతూనే ఉంది. ఆపి లేచి కొడుకు కాళ్ళకి అడ్డం పడొచ్చు. కాని తిరగలి ఆగితే ఆర్ తెగిపోతుంది, మిగిలిన ఇరవై ఇద్దరూ అతని వెనకే దిగుతారు. అది అందరికీ తెలుసు. అద్దీకీ తెలుసు. అవ్వ ఇంకో గింజ తీసింది. ఈసారి దాన్ని వెలుగుకి పెట్టి చూడలేదు.

“మీ నాన్న తనంతట తాను పోలేదురా అద్దీ. నేను పంపాను.”

అద్దీ వెనక్కి తిరగలేదు గాని నిలబడ్డాడు.

“ఉల్లి నారు ఎండిపోతోందని పంపాను. నీటి కాపలాదారు పెళ్ళాన్ని, నా మడిలోనే నీళ్ళు లేవు, ఊరు నవ్వుతోంది, నువ్వూ ఒక మగాడివేనా అన్నాను. ఆయన తుంచిన రొట్టె తుంచినట్టే పెట్టి లేచాడు. ఈ బండ మీద చెప్పులు విప్పాడు. ఆ చెప్పులు నేనే తెచ్చుకున్నాను సాయంత్రం.” పిడి మూడు చుట్లు తిరిగింది. ఇంకో గింజ పడింది. “నలభై ఒక్కేళ్ళుగా అఫ్రావాళ్ళని తిడుతుంటే విని ఊరుకున్నాను. ఆ తిట్లన్నీ నావి. వాటి కోసం నువ్వు కూడా పోతానంటే పో. నేను తిరగలి ఆపను. ఇక్కడ ఇరవై ఇద్దరు తల్లుల బిడ్డలున్నారు.”

తిరగలి గరగర ఒక్కటే వినిపిస్తోంది. అద్దీ చాలాసేపు ఇరుకు వైపు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత వెనక్కి వచ్చి, బండ ఎక్కి, తల్లి పక్కన కూర్చున్నాడు. చెప్పులు తొడుక్కోవడం మరిచిపోయాడు. అవ్వ అతని వైపు చూడలేదు. మూటలోంచి ఒక గింజ తీసి అతని చేతికిచ్చింది. అతను దాన్ని కన్నంలో వేశాడు.

అలా ఇద్దరూ ఎన్ని గింజలు వేశారో గాని, మొదట గాడిద చెవులు నిక్కబొడుచుకుని వెనక్కి నడవడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఇరుకులోంచి పావురాలన్నీ ఒక్కసారిగా బయటికి వచ్చాయి. వాటి వెనక చల్లటి గాలి, నరికిన చెట్ల వాసన. మగవాళ్ళు ఏమీ అనుమానించలేదు, తిరగలి చప్పుడు కాస్త పెద్దదైందనుకున్నారు. చిరాకుగా అటు చూశారు.

అవ్వ చెయ్యి పిడి మీద ఆగి ఉంది. గరగర మాత్రం ఆగలేదు.

ఇచ్చూ అందరినీ కొండ మీదికి ఎక్కమన్నాడు. ఇద్దరు అవ్వని ఎత్తుకోబోతే, ముందు తిరగలి ఎత్తండిరా, అది నాది కాదు, అని గదమాయించింది. ఇరుకు నోట్లోంచి నీళ్ళు రాలేదు మొదట. చెట్లు వచ్చాయి, వేర్లతో, నిలువుగా, నడిచి వస్తున్నట్టు. వాటి కింద మంచు గడ్డలు, ఇంటిల్లిపాదీ పట్టేంత బండలు, ఆ వెనక నల్లటి బురద నీళ్ళు. చెప్పుల బండ మునగలేదు గాని నీళ్ళు అంచుకి రెండు జానల కిందిదాకా వచ్చాయి. అద్దీ నిలబడ్డ రాళ్ళు మళ్ళీ ఎవరికీ కనిపించలేదు. అప్పుడు సైరన్ కూసింది. నీళ్ళు పెరిగిన మాట నిజమేనన్నట్టు, ఎంతో నమ్మకంగా కూసింది. అంతలో స్తంభం విరిగి, కూస్తూనే కొట్టుకుపోయింది. దిగువ ఊళ్ళవాళ్ళు అంబులెన్స్ ఏటి మీద వస్తోందని మిద్దెలెక్కి చూశారట. అదీ ఒకందుకు మంచిదే అయింది, మిద్దెల మీద ఉన్నవాళ్ళకి ఏమీ కాలేదు.

మా ఊరికి రేవు పోయింది, పదకొండు అక్రోటు చెట్లు పోయాయి, ఏటి పక్క మడులన్నీ ఉల్లితో బార్లీతో సహా పోయాయి. మనిషి ఒక్కడు కూడా పోలేదు.

నీళ్ళు కాస్త తీసేసరికి మూటలో ఇంకా చారెడు బార్లీ మిగిలి ఉంది. అవ్వ మళ్ళీ తిరగలి పరిపించింది. మాట మాటే, గింజలయ్యే దాకా ఎవరూ దిగడానికి లేదంది. దిగుతానన్నవాడు ఒక్కడూ లేడనుకోండి. పిడి మీద చెయ్యి వేసింది గాని రాయి కదల్లేదు. బిహీ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. మగవాడు తిరగలి తిప్పడం మా కొండల్లో ఎవరూ చూసి ఎరగరు. పిడి పట్టుకుని, గుప్పెడు బార్లీ ఒక్కసారే పోసి, గిరగిరా తిప్పాడు. నూక తప్ప పిండి రాలేదు. నవ్వాల్సినవాళ్ళు కూడా నవ్వలేదు.

“ఒక్కోటి వెయ్యరా,” అంది అవ్వ. “ఇప్పుడు నీకు తొందరేముంది?”

మూడు రోజుల తర్వాత మేకల బాట మీదుగా అఫ్రా నుంచి ఒక ముసలాయన గాడిద మీద రెండు గంపల రొట్టెలతో వచ్చాడు. వాళ్ళ పొలాలు చెరువయ్యాయట. ఇరుకు కట్టేసి మమ్మల్ని ముంచుతున్నది తిజ్గీ దొంగలేనని వాళ్ళు కూడా పారలు పట్టుకున్నారట. నీళ్ళు నడుము దాకా వచ్చి దారి మూసుకుపోబట్టి ఆగారట. ఆ మాట వినగానే అవ్వ గట్టిగా నవ్వింది, తర్వాత చాలాసేపు ముక్కు చీదుకుంది. అద్దీ ఆయనకి స్వయంగా టీ పోశాడు. రెండు ఊళ్ళ పెద్దలూ కూర్చుని, మంచు కరిగే నెలల్లో ఏరు తగ్గితే ఎవరూ ఎవరినీ అడగడానికి వెళ్ళకూడదని కట్టడి చేసుకున్నారు. ఇప్పుడు ఏప్రిల్‌లో ఏరు సన్నబడితే చాలు, మా ఊరి ఆడవాళ్ళంతా గుమ్మాల్లో తిరగళ్ళు పెట్టి వట్టివే తిప్పుతారు. ఆ మోత విని మగవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడే ఆగుతారు. రాళ్ళు అరిగిపోతున్నాయని అవ్వ సణుగుతూనే ఉంటుంది.

ఆ గురువారం సాయంత్రం జరిగిన సంగతి ఒకటి మిగిలింది. ఆ పిండితో ఇజ్జా రొట్టె చేసింది. అరచేతి వెడల్పు కూడా రాలేదు. ఇచ్చూ దాన్ని ఇరవై ముగ్గురికీ గోరంత గోరంత తుంచి పంచాడు. ఆర్ వేసిన మనిషి ఆ పిండి నోట పెట్టకూడదు. అందుకని తూదా అవ్వ కాస్త ఎడంగా, గోడ వారన, తడి శాలువా ఆరబెట్టుకుంటూ కూర్చుంది. రొట్టె వాసన అటు వెళ్ళింది. అవ్వ ముక్కు ఎగబీల్చింది.

“ఉప్పు చాల్లేదు ఇజ్జా,” అంది.